కోదాడ బస్సులో కట్టిన ఉయ్యాల

మా సూర్యాపేట వీధిలో ఏ ఇంట్లో పసిబిడ్డ పుట్టినా ఇప్పుడు ముందు నాకే కబురొస్తుంది. నేను డాక్టరును కాను. ఆయుర్వేదం చదవలేదు. పసివాళ్లకు నీళ్లు పోసే పెద్దమ్మలెవరికీ చుట్టాన్ని కూడా కాను. రిటైరైన బస్సు కండక్టరును. అయినా "అంకుల్, పాప పడుకుంటలేదు, జర ఒకసారి వస్తరా" అంటూ పక్కింటి అల్లుడు లుంగీ మీదే వచ్చి గేటు దగ్గర నిలబడతాడు. నేను చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయలుదేరితే మా ఆవిడ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోతుంది.

ఈ వైద్యం నాకెలా అబ్బిందో కొత్తగా అమ్మానాన్నలైన మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను. నా సర్వీసులో ఒక్క పూట జరిగిన సంగతి. అంతగా హైరానా పడింది, అంతగా నవ్వింది నా ఉద్యోగంలో మరో పూట లేదు.

ముందు నా గొంతు గురించి చెప్పాలి. మా డిపోలో దానికి పేరుండేది. బస్టాండులో ఈ చివర నిలబడి "కోదాడ కోదాడ కోదాడ" అని ఒక్క కూత పెడితే, ఆ చివర టీ తాగుతున్న మనిషి గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తుకొచ్చేవాడు. సగం దారిలో గానీ తను పోవాల్సింది నల్గొండకని గుర్తొచ్చేది కాదు. స్టాండులో మైకు పాడైతే కంట్రోలర్ మెకానిక్‌ను పిలవకుండా నన్ను పిలిచేవాడు. ఇంట్లో మాత్రం ఈ గొంతుకు విలువ లేదు. "గొంతు డిపోల పెట్టి రా" అనేది మా ఆవిడ.

నాతో ఎక్కువ కాలం తిరిగిన డ్రైవర్ ఒకాయన ఉండేవాడు. మిర్యాలగూడ మనిషి, మాట పొదుపు. నేను రోజంతా మాట్లాడిన దానికి బదులుగా సాయంత్రం బండి దిగేటప్పుడు "మంచిది" అనేవాడు, అంతే. పొద్దున బండెక్కగానే ఎడమ చెవిలో దూది పెట్టుకునేవాడు. అది నా కోసం. కుడి చెవి లారీల హారన్లకు తెరిచి ఉంచేవాడు. దూది ఉన్నా బండి పోనిమ్మని నేను అరిచే "రైట్" ఆయనకు చక్కగా వినపడేది కనుక ఇద్దరికీ పేచీ రాలేదు.

సరిగ్గా ఆ వారమే డిపోలో మాకు ఒక క్లాసు పెట్టారు. ప్రయాణికులతో నెమ్మదిగా మాట్లాడాలి, నవ్వుతూ మాట్లాడాలి అని ఒక కుర్రాడు వచ్చి చక్కగా చెప్పాడు. చివర్లో ఒక్కొక్కరినీ లేపి "దయచేసి లోపలికి జరగండి" అని అనిపించాడు. నా వంతు వచ్చినప్పుడు నాకు చేతనైనంత నెమ్మదిగానే అన్నాను. పక్కగదిలో నిలబడి ఉన్న క్యాషియర్ లోపలికి జరిగాడు. ఆ కుర్రాడు నా దగ్గరికి వచ్చి, "సార్, మీరు మాత్రం రోజూ ప్రాక్టీస్ చేయాలి" అన్నాడు. చేద్దామనే అనుకున్నాను.

ఎండాకాలం, పెళ్లిళ్ల రోజులు. పొద్దుటి ట్రిప్పు మిర్యాలగూడ నుంచి కోదాడ. ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, బండి పెట్టగానే కిటికీల్లోంచి కర్చీఫులు, సంచులు, ఒకామెవైతే చెప్పులు కూడా వచ్చి సీట్లు పట్టుకున్నాయి. నేను కింద నిలబడి క్లాసు సంగతి మరచిపోయి గొంతెత్తి అరుస్తున్నాను. నా పక్కనే సిమెంటు బెంచీ మీద ఒక జంట కూర్చుని ఉంది. అబ్బాయి చుట్టూ సంచులు, అమ్మాయి ఒళ్లో మూడో నెల పాప. పాప హాయిగా నిద్రపోతోంది. ఆ ఏర్పాటు చూసి మాత్రం నాకే చెమట పట్టింది. తలకు ఉన్ని టోపీ, చేతులకు తొడుగులు, కాళ్లకు మేజోళ్లు, ఒంటికి కుచ్చుల కుచ్చుల మెరుపు గౌను, దాని మీద మందపాటి దుప్పటి.

పసిబిడ్డ ఉందని చూడగానే నాకు బుద్ధొచ్చింది. నోరు మూసుకుని, చేత్తోనే వాళ్లను ఎక్కించి, మూడో వరుసలో సీటు ఇప్పించాను. క్లాసులో చెప్పిన కుర్రాడు చూస్తే మెచ్చుకునేవాడు. బండి స్టాండు దాటిందో లేదో పాప లేచింది. లేచి ఏడుపు అందుకుంది. మామూలు ఏడుపు కాదు. ఆ క్షణంలో డిపోలో నా పేరుకు పోటీ వచ్చిందనిపించింది.

"ఇప్పటిదాక మంచిగనే పడుకున్నది సార్" అన్నాడు అబ్బాయి, టికెట్ తీసుకుంటూ. నా అరుపుకే లేచిందని నాకు అర్థమైపోయింది. అర్థమైపోయిందని అనుకున్నాను. పక్కనున్న ఆడవాళ్లూ అదే అనుకుని నావైపు ఒక చూపు చూశారు.

చిల్లర చేతిలో పడేలోపే అబ్బాయి తన పరేషాన్ అంతా చెప్పేశాడు. తల్లిగారింట్లో కాన్పు అయింది. ఈ రోజు మంచిదని, మధ్యాహ్నంలోపు పాప కోదాడలో నాన్నమ్మ ఇంట అడుగుపెట్టాలని పంచాంగం చూసి పెట్టారు. అమ్మాయి తల్లి సారె పట్టుకుని తోడు రావాల్సింది. రాత్రికి రాత్రి ఆమె భర్తకు జ్వరమొచ్చి ఆగిపోయింది. మాట్లాడుకున్న కారు పెళ్లికిరాయికి వెళ్లిపోయింది. రోజు మార్చడానికి లేదు. అందుకని ఇద్దరే, పెద్దదిక్కు లేకుండా, బస్సెక్కారు.

అసలు చిక్కు అది కాదు. ఇద్దరూ ఉండేది సూర్యాపేటలో. అమ్మాయి టీచరు. సెలవు అయిపోయింది, సోమవారం స్కూలుకు వెళ్లాలి. స్కూలు ఇంటి పక్కనే. ఇంటి ఓనరమ్మ పాపను చూసుకుంటానంది, మధ్యలో వచ్చి పాలిచ్చి పోవచ్చు. అన్నీ కుదిరాయి. కానీ ఫోన్ చేసినప్పుడల్లా కోదాడలో అత్తగారికి వినిపించేది పాప ఏడుపు, దాని వెనకే కోడలి ఏడుపు. రెండు గంటలు బస్సులో ఏడవకుండా ఎత్తుకురాలేని పిల్ల ఊరుగాని ఊళ్లో బిడ్డను ఎట్టా సాకుద్ది, ఏడాది నిండేదాకా నా దగ్గరే వదిలేయండి అని ఆమె ఆ పొద్దున్నే ఫోన్లో తేల్చేసిందట.

అమ్మాయి అంతసేపూ పాపను భుజం మార్చి భుజం మీద వేసుకుంటోంది. నేను పక్కన నిలబడితే తలెత్తింది.

"సార్, మా అత్తమ్మ బస్టాండ్లనే ఉంటది. గాడికి పోయేసరికి ఇది ఏడుపు ఆపకుంటే దీన్ని నాతోని పంపరు" అంది. చెప్పేటప్పుడు ఆ పిల్ల గొంతు ఎంత చిన్నగా ఉందంటే, వంగితే తప్ప నాకు వినపడలేదు.

ఆ మాట నాకంటే ముందు వెనక సీటు ముసలమ్మకు వినపడింది. ఆమె ఒళ్లో పాత చీరల మూట ఉంది. హుజూర్‌నగర్‌లో బొంత కుట్టించడానికి తీసుకుపోతోంది. మూట నాకిచ్చి పట్టుకోమంది. కండక్టరు సంచి ఒక భుజాన, చీరల మూట ఇంకో భుజాన వేసుకుని నేను నిలబడ్డాను. ఆమె ముందుకొచ్చి పాపను అందుకుని, అడగకుండానే టోపీ తీసింది, తొడుగులు తీసింది, మేజోళ్లు తీసింది, గౌను తీసింది. ఒక్కొక్కటీ తీసి తండ్రి చేతిలో పెడుతుంటే అతను పెళ్లి కానుకలు అందుకున్నట్టు రెండు చేతులతో అందుకున్నాడు.

"అత్తగారింటికి పోతున్నదని పెండ్లికూతుర్ని జేసినవా బిడ్డా? ఎండకు పిల్ల ఉడికిపోతున్నది" అంది ముసలమ్మ. తిట్టినట్టు లేదు, నవ్వుతోంది. చివరికి డైపరు కూడా విప్పింది. నడుము చుట్టూ ఎర్రటి గీత పడి ఉంది. నా భుజం మీద మూటలోంచి బాగా నలిగిన నూలు చీర ఒకటి లాగి, పళ్లతో అంచు కొరికి, సర్రున ఒక ముక్క చించి మూడు మూలలుగా మడిచి కట్టింది. మెత్తటి ఆ నూలుగుడ్డ తప్ప ఒంటిమీద ఏమీ లేకపోయేసరికి పాప కాళ్లు ఝాడించి ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. మేమంతా ఆగిందనుకున్నాం. ఊపిరి పీల్చుకున్నది మళ్లీ ఏడవడానికే.

ఆకలేమో అన్నారు. రెండు వరుసల ఆడవాళ్లు లేచి నిలబడి కొంగులు పట్టుకుని తెర కట్టారు. నేను వెనక్కి తిరిగి కిటికీలోంచి పొలాలు లెక్కపెట్టాను. పాలు తాగింది. భుజాన వేసుకుని వీపు నిమిరితే త్రేన్పు వచ్చింది. ఆ త్రేన్పుకు బస్సు బస్సంతా "హమ్మయ్య" అంది. ఆ తరువాత మళ్లీ రాగం.

ఇక అబ్బాయి తన సంచిలోంచి ఒక ఎలుగుబంటి బొమ్మను తీశాడు. ఆన్‌లైన్లో తెప్పించాడట. మీట నొక్కితే "ష్" మని చప్పుడు చేస్తూనే ఉంటుంది, పిల్లలు పడుకుంటారు అని చెప్పాడు. నొక్కితే అది చార్జింగ్ లేక కళ్లు రెండుసార్లు మిటకరించి తనే పడుకుంది.

అప్పటికి సలహాలు మొదలయ్యాయి. మాడుకు ఆముదం పెట్టమని ఒకరు, బొడ్డు చుట్టూ రాయమని ఇంకొకరు. ఒంటికి పెసరపిండి రుద్దాలని ముందు సీటామె అంటే, కాదు శనగపిండిలో మీగడ కలపాలని పక్క సీటామె. కాళ్లు చాపుకుని, వాటి మీద పిల్లను పండబెట్టి నీళ్లు పోయడం ఎలాగో మూడో ఆమె నడిదారిలో కూర్చుని చూపించింది. టికెట్లు కొట్టడానికి నేను ఆమె కాళ్లు దాటుకుని పోవాల్సి వచ్చింది. పిల్ల ఏడుస్తున్నది నిద్రకు, వీళ్లు పోట్లాడుతున్నది స్నానం గురించి. ఒకామె సంచిలో చెయ్యి పెట్టి వసకొమ్ము వెతకడం మొదలుపెట్టింది.

అప్పుడు లేచింది కిటికీ పక్కన కూర్చున్న నర్సమ్మ. పల్లె దవాఖానలో పనిచేస్తుంది, మా బండిలో రోజూ వస్తుంది.

"సూడుండ్రి. నోట్ల తల్లిపాలు తప్ప ఇంకేం పెట్టొద్దు. ముక్కుల, చెవుల నూనె పొయ్యొద్దు. సాంబ్రాణి పొగ పిల్ల మొఖం దగ్గరికి రానీయొద్దు. ఇగ పెసరపిండో శనగపిండో మీరే కొట్లాడుకోండ్రి" అంది. వసకొమ్ము ఆమె సంచి జిప్పు నెమ్మదిగా మూసేసింది.

ముసలమ్మ ఈ తగువులోకి రాలేదు. ఆమె కళ్లు పైన పట్టుకునే ఇనుప కడ్డీల మీద ఉన్నాయి. నా భుజం మీది మూటలోంచి ఇంకో చీర లాగింది. చింతపండు రంగుది, ఎన్ని ఉతుకులు చూసిందో, చేతిలో నీళ్లలా జారుతోంది. దాన్ని రెండు కడ్డీలకూ వేసి, ముడి వేసి, ముందు తన రెండు చేతులూ వేసి వేలాడి చూసింది. తరువాత నన్ను వేలాడమంది. వేలాడాను. బస్సులో ఉయ్యాల కట్టవచ్చా లేదా అన్నది రూల్సులో ఉందో లేదో నాకు తెలియదు. ఆ పూట తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. డ్రైవర్ అద్దంలో ఒకసారి చూసి గేరు తగ్గించాడు. ఆ రోడ్డు మీద అంత మెత్తగా బండి నడవగలదని నాకప్పటిదాకా తెలియదు.

నర్సమ్మ అటు, ముసలమ్మ ఇటు చీర పట్టుకుని కూర్చున్నారు. తల్లి ఊపుతోంది. ఏడుపు తగ్గి మూలుగయింది. మూలుగు తగ్గి కళ్లు మూతపడ్డాయి. బస్సులో ఉన్న ఆడవాళ్లందరూ నావైపు తిరిగి నోటి మీద వేలు పెట్టుకున్నారు. ఇక ఒక్క మాట మాట్లాడితే నన్ను దింపేసి బండి తీసుకుపోయేలా ఉన్నారు.

అలా నా సర్వీసులో మొదటిసారి మూగ బస్సు నడిపాను. ఫోన్లన్నీ సైలెంట్‌లో పెట్టారు. బండి ఆపాలంటే నేను వెనక నుంచి ఒకామె భుజం తడితే, ఆమె ముందామెను తట్టాలి. అలా చేతులు మారి చివరికి డ్రైవర్ భుజం దాకా వెళ్లాలి. ఒక తట్టుకు ఆగాలి, రెండు తట్లకు పోవాలి. మంచి ఏర్పాటే. కానీ మధ్యలో ఒకామె కునుకు తీసింది. తట్టు అక్కడ ఆగిపోయింది. ఒక స్టేజీలో మనుషులు దిగి, ఎక్కి, తలుపు వేసినా బండి కదలలేదు. నేను చేతులు ఊపుతున్నాను, డ్రైవర్ ఎడమ చెవిలో దూదితో ప్రశాంతంగా ముందుకు చూస్తున్నాడు. నేరేడుచర్లలో రైస్ మిల్లుకు పోవాల్సిన పెద్దమనిషి ఊరి పేరు ఎవరూ అరవకపోయేసరికి కూర్చునే ఉండిపోయాడు. ఊరు దాటాక చూసుకుని లేచి నోరు తెరిచాడు. బస్సు మొత్తం నోటి మీద వేలు పెట్టి చూపించింది. ఆయన నోరు మూసుకుని, ఉయ్యాలలోకి తొంగిచూసి, నవ్వుకుంటూ తరువాతి స్టేజీలో దిగి వెనక్కి ఆటో ఎక్కాడు.

ఇంత చేసినా పాప పూర్తిగా పడుకోలేదు. బండి నడుస్తుంటే మూలుగు, ఆగితే ఏడుపు. మేమెంత నిశ్శబ్దంగా ఉంటే అది అంత ఉలిక్కిపడుతోంది. హుజూర్‌నగర్ చేరి ఇంజను ఆపేసరికి చీర ఉయ్యాల ఎగిరిపడేంత ఏడుపు లేచింది. ఇక్కడ దిగాల్సిన ముసలమ్మ దిగలేదు. ఇక్కడ దిగాల్సిన ఇంకో నలుగురు కూడా దిగలేదు. ఇక మిగిలింది కోదాడ ఒక్కటే. అక్కడ అత్తగారు నిలబడి ఉంటుంది.

కింద ఇంకో గోల. నేను నోరు విప్పకపోయేసరికి ఈ బండి ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియడం లేదు. బోర్డు మీద అక్షరాలు ఎప్పుడో వెలిసిపోయాయి, ఇన్నాళ్లూ ఆ పని నా గొంతే చేసింది. ఒక పెళ్లి బృందం లగేజీతో సహా మా బండి ముందు నుంచి నడిచి ఇంకో ఊరి బస్సు ఎక్కబోతోంది. కోదాడ పెళ్లికని వాళ్ల చేతుల్లోని కానుకల అట్టపెట్టెల మీద రాసి ఉంది. చూస్తూ చూస్తూ ఎలా ఊరుకోను? ఇన్నేళ్ల అలవాటు. చెయ్యి దానంతటదే తలుపు కడ్డీ పట్టుకుంది, నోరు దానంతటదే తెరుచుకుంది.

"కోదాడ కోదాడ కోదాడా!"

పెళ్లి బృందం ఆగింది. చెట్టు మీద కాకులు లేచాయి. బస్సులో ఆడవాళ్లందరూ ఒక్కసారిగా నావైపు తిరిగారు. నేను కళ్లు గట్టిగా మూసుకుని తిట్ల కోసం ఎదురుచూశాను. తిట్లు రాలేదు. ఏ చప్పుడూ రాలేదు. కళ్లు తెరిచి చూస్తే ఉయ్యాల కదలకుండా ఉంది. పాప ఏడుపు ఆపి, తల నా వైపు తిప్పి, పెద్ద పెద్ద కళ్లతో ఎవరినో వెతుకుతోంది.

"ఇంకోసారి అను" అంది నర్సమ్మ.

"కోదాడ కోదాడ."

పాప ఆవులించింది. మూడోసారి అరిచేసరికి పాప కళ్లు మూసుకుని, పిడికిలి బుగ్గకు ఆనించుకుని, పొద్దున్నుంచి ఎవరి వల్లా కాని నిద్రలోకి వెళ్లిపోయింది.

నర్సమ్మ తల్లి వైపు తిరిగి అడిగింది, కడుపుతో ఉన్నప్పుడు ఎక్కడ తిరిగేదానివని. అమ్మాయి ఆ మాట విని నన్ను చూసింది. చూస్తూ చూస్తూ రెండు చేతులతో నోరు మూసుకుంది. పొద్దున్నుంచి మొదటిసారి నవ్వింది.

"నడిగూడెం బస్సుల సార్. అప్పుడు నా స్కూల్ గాడనే. తొమ్మిదో నెల దాక రోజూ మీ బస్సులనే పోయిన. తలుపు పక్క సీటు మీరే ఇప్పిచ్చేది. మొఖానికి స్కార్ఫ్ కట్టుకుంటుంటి, అందుకే మీరు నన్ను గుర్తువట్టలే" అంది.

నిరుడు నేను సూర్యాపేట, నడిగూడెం, కోదాడ రూటులోనే తిరిగాను. ఎందరికో సీట్లు ఇప్పించాను, ఎవరని గుర్తుంటుంది? కానీ తలుపు పక్కన, అంటే నా నోటి పక్కన, ఒక బిడ్డ తల్లికడుపులో కూర్చుని పోయినన్ని రోజులూ నా కూత విన్నది. ఇంజను చప్పుడు, నా రైట్, ఊళ్ల పేర్లు, ఇవి ఆ పిల్లకు జోలపాట. స్టాండులో బెంచీ మీద నిద్రపోయింది నా అరుపు వల్ల. బండెక్కాక లేచింది నేను నోరు మూసుకున్నందువల్ల. ఇంతమందిమి కలిసి ఇంతసేపూ ఆ మందునే ఆపిపెట్టాం.

మా పిల్లలిద్దరూ చీర ఉయ్యాలలోనే పెరిగారు. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి పడుకుని ఉండేవాళ్లు, లేస్తారని మా ఆవిడ నన్ను గుమ్మంలోనే సైగ చేసి ఆపేది. పసిపిల్లల దగ్గర నోరు విప్పకూడని మనిషిని నేనని ఇన్నేళ్లూ నమ్మాను. ఆ రోజు నా గొంతు విని ఒక పసిది నిద్రపోతుంటే నాకు కన్నీళ్లొచ్చాయి. సంతోషంతోనే వచ్చాయి. కర్చీఫు తీద్దామంటే భుజాన ఇంకా చీరల మూట ఉంది.

అక్కడి నుంచి కోదాడ దాకా నేను ఆపకుండా అరిచాను. స్టేజీ ఉన్నా లేకపోయినా, వరిపొలాల మధ్య కూడా. పొలంలో పనిచేస్తున్నవాళ్లు లేచి నిలబడి చూశారు. గొంతు ఎండిపోతే పెళ్లి బృందం వాళ్లు మజ్జిగ ప్యాకెట్లు అందించారు. నేను తాగుతున్నంతసేపు బస్సు బస్సంతా కలిసి "కోదాడ కోదాడ" అంది. పెసరపిండి ఆమె, శనగపిండి ఆమె ఒకే శ్రుతిలో అన్నారు. డ్రైవర్ స్టీరింగు మీద నుంచి ఒక చెయ్యి తీసి జేబులోంచి ఇంకాస్త దూది తీసుకున్నాడు.

కోదాడ స్టాండులో అత్తగారు గొడుగు వేసుకుని నిలబడి ఉంది. ధాన్యం వ్యాపారం చేసే ఇంటావిడ. అటు పోయేవాళ్లు, ఇటు పోయేవాళ్లు ఆగి నమస్కారం పెట్టి పోతున్నారు. ముసలమ్మ ఉయ్యాల ముడి విప్పి, నిద్రపోతున్న పాపను తల్లి చేతుల్లో పెట్టింది. అమ్మాయి గెలిచినదానిలా మెట్లు దిగింది. అత్తగారి ముఖం విప్పారింది. చేతులు చాపి మనవరాలిని తీసుకుంది. సరిగ్గా అప్పుడు డ్రైవర్ ఇంజను ఆపాడు.

పాప లేచింది. స్టాండు అదిరిపోయేలా అందుకుంది.

"చూశావా అమ్మాయ్? నేనంటే నీకు కోపమొచ్చుద్ది. ఇక్కడ వదిలి వెళ్లండి, ఏడాది నిండాక తీసుకెళ్దురుగాని" అందావిడ. మాటలో కోపం లేదు, జాలి ఉంది. అదే ఎక్కువ భయపెట్టింది. కిటికీల్లోంచి బస్సులో ఉన్న తలలన్నీ బయటికొచ్చాయి.

నేను మెట్టు మీద నిలబడి ఊపిరి బిగించాను. అమ్మాయి చెయ్యెత్తి నన్ను ఆపింది. "మీరొద్దు సార్" అంది. అత్తగారి చేతుల్లోంచి బిడ్డను తీసుకుని భుజాన వేసుకుంది. పొద్దున వంగితే తప్ప వినపడని గొంతు అది. కళ్లు మూసుకుని, మెడ నిక్కించి, అచ్చం నాలాగే చివరి అక్షరాన్ని సాగదీస్తూ అరిచింది.

"సూర్యాపేట సూర్యాపేట సూర్యాపేటా!"

నలుగురైదుగురు సంచులు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. పాప ఠక్కున ఏడుపు ఆపి, తల్లి మెడలో ముఖం పెట్టుకుని, ఆవులించింది. బస్సులోంచి చప్పట్లు మొదలైతే ముసలమ్మ గద్దించి ఆపింది. సూర్యాపేట బస్సు ఏదని వచ్చినవాళ్లు నన్ను నిలదీస్తున్నారు, నాకు నవ్వుతో మాట రావడం లేదు.

అత్తగారు కోడలిని, మనవరాలిని మార్చి మార్చి చూసింది. కొంచెం ముందుకు వంగి, ఎవరికీ వినపడకుండా "సూర్యాపేట" అంది. పాప మూతి వంకర పెట్టింది.

"గట్టిగ అత్తమ్మా" అంది కోడలు.

ఆవిడ చుట్టూ చూసింది. అటు కిరాణా ఆయన, ఇటు బ్యాంకు ఆయన, అందరూ తెలిసినవాళ్లే, అందరూ చూస్తున్నారు. గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"నా వల్ల కాదమ్మా. బజార్లో పరువు పోద్ది. సోమవారం నీ వెంటే తీసుకెళ్లు" అంది. అని, ఆపుకోలేక ఫక్కున నవ్వింది. అమ్మాయి పాపతో సహా అత్తగారిని గట్టిగా పట్టుకుంది. ఆ గొడుగు కిందపడి దొర్లుకుంటూ మా బండి చక్రం దగ్గరికి వచ్చింది.

ముసలమ్మ చింతపండు రంగు చీరను మడిచి అబ్బాయి చేతిలో పెట్టింది. అతను వద్దనబోయాడు. బొంతకు ఒక చీర తగ్గితే జానెడు చిన్నదవుతుంది, అంతే కదా అని ఆమె తేల్చేసింది. తిరుగు ట్రిప్పులో ఆమెను హుజూర్‌నగర్‌లో దింపాం. దిగేటప్పుడు, వెళ్లిరా కొడకా, గొంతు జాగ్రత్త అంది. నా గొంతు గురించి అలాంటి మాట అన్న మొదటి మనిషి ఆమె.

కాబట్టి కొత్త అమ్మానాన్నలూ, నాకు తెలిసిందింతే. ఎండాకాలం పిల్లకు మెత్తటి పాత నూలుగుడ్డ చాలు. ఉయ్యాలకు నలిగిన చీరను మించింది లేదు, కాకపోతే ముందు మీరు వేలాడి చూడండి. నర్సమ్మ వద్దన్నవి వద్దు. ఇక ఏడుపు ఆగకపోతే, ఆ బిడ్డ కడుపులో ఉన్నప్పుడు మీ ఇంట్లో ఏ చప్పుడు ఉండేదో గుర్తు తెచ్చుకోండి. మా వీధిలో ఒక ఇంట్లో మిక్సీకి పడుకునే బాబు ఉన్నాడు. మిగతావాళ్లు ఎందుకో నా గొంతుకే పడుకుంటారు. మా ఇల్లు బస్టాండుకు దగ్గర, అందుకేనేమో.

నా రిటైర్మెంటు నాడు డిపోలో శాలువా కప్పారు. ఆ అమ్మాయి, అబ్బాయి, పాప కూడా వచ్చారు. నేను మంచి ఉపన్యాసం బట్టీపట్టి పెట్టుకున్నాను. పెద్దవాళ్ల మాటలన్నీ అయి నేను లేచేసరికి పాపకు నిద్ర ముంచుకొచ్చి రాగం మొదలుపెట్టింది. తల్లి బయటికి తీసుకుపోబోయింది. నేను ఆగమని చెయ్యి చూపించి, ఉపన్యాసం వదిలేసి, మైకు పక్కకు జరిపి, మిర్యాలగూడ నుంచి మొదలుపెట్టాను. నేరేడుచర్ల, హుజూర్‌నగర్, కోదాడ, నడిగూడెం, చివరికి సూర్యాపేట. నేను తిరిగిన ఊళ్లన్నీ పిలిచాను. పాప తల్లి భుజాన పడుకుంది.

మొదటి వరుసలో మా డ్రైవర్ కూర్చుని ఉన్నాడు. నేను రెండో ఊరు పిలిచేటప్పటికే ఆయన చెవిలోంచి దూది తీసి జేబులో వేసుకున్నాడు. అన్ని ఊళ్లూ అయ్యాక ఆయనే లేచి, పాప నిద్ర చెడకుండా, చాలా నెమ్మదిగా అన్నాడు.

"రైట్."